ఆకాశదృష్టికి ఆకుపచ్చ వస్త్రము



హైదరాబాదులో రామంతాపూరు నుండి ఉప్పలు మీదుగా హబ్సిగూడ వరకు గల కొలది మైళ్ల మేర బస్సుల రద్దీకిని, క్రికెట్టు మైదానమునకును, ప్రక్కనే యున్న నాచారము పారిశ్రామికవాడకును పేరువడినది గాని, కంటికి కనబడని దానిని కనిపెట్టుటయే వృత్తిగా గల సంస్థలు అచ్చట ఒకదానికొకటి ఎంత చేరువలో నెలకొన్నవో మనలో పెక్కురకు స్ఫురింపదు. 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూగర్భమును శోధించుచున్నది. ఉప్పలులోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ నేల యెత్తుపల్లములను కొలుచు విద్యను నేర్పుచున్నది. రామంతాపూరులోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల నేరము జరిగిన తావున మిగిలిన ఆనవాళ్లను పరీక్షించుచున్నది. నగరమునకు ఆవలి దిక్కున, బాలానగరమునందు, 1974లో జాతీయ దూరసంవేదన ఏజెన్సీగా పుట్టి 2008లో ఇస్రోలో అంతర్భాగమైన జాతీయ దూరసంవేదన కేంద్రము కలదు. ఉపగ్రహములు పంపు సంకేతములను షాద్‌నగరు కడ అందుకొని, వానిని మనము చదువదగిన చిత్రములుగా మార్చునది ఈ కేంద్రమే. ఇట్టి నగరమున నివసించు మనకు, సైనికులను, వారి శకటములను శత్రువు చూపునకు మరుగుపరచు వస్త్రములు ఆకాశమునుండి చూచునప్పుడు ఎంతవరకు నిలుచును, వాని యోగ్యతను ఎట్లు నిర్ణయింపవలెను అను ప్రశ్న దూరపుది కారాదు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

మిలిటరీ గుడ్డ యని బజారులో అమ్మునది మనమందరము చూచినదే. పచ్చ, గోధుమ, నలుపు మచ్చలు కలగలిసిన ఆ గుడ్డను తుమ్మపొద ప్రక్కన నిలిపి పది గజముల దూరమునుండి చూచినచో కన్ను తృప్తిపడును. కన్ను మెచ్చిన దానిని ఉపగ్రహము కూడ మెచ్చుననుకొనుట మాత్రము సాహసము. మన సైన్యము 2022 జనవరి 15న, సైనికదినోత్సవ సందర్భమున, జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ సహకారముతో రూపొందిన నూతన యుద్ధవస్త్రమును ప్రదర్శించినప్పుడు పత్రికలలో దాని మచ్చల తీరును గూర్చియే ఎక్కువ చర్చ జరిగెను. మచ్చలు ముఖ్యమే, అవి మనుష్యాకృతి యొక్క అంచును చెరిపివేయును. అయినను, నేల మీద నిలిచి చూచువానికి ఆ వస్త్రము చెప్పు సమాధానము వేరు, ఐదారువందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు యంత్రమునకు చెప్పవలసిన సమాధానము వేరు.

తిక్కన తెనిగించిన విరాటపర్వమునందు మరుగునకు సంబంధించిన రెండు ఘట్టములు కలవు. పాండవులు ఆయుధములను మూటగట్టి, శవమను భ్రాంతి కలుగునట్లు శ్మశానము చెంతనున్న జమ్మిచెట్టున వ్రేలాడగట్టినది మొదటిది. శ్మశానపు చెట్టున శవము వంటి మూట ఉండుట ఎవరికిని వింత గాదు, దగ్గరకు పోయి చూడవలెనను కోరికయు పుట్టదు. వస్తువును పరిసరములకు తగినట్లు మార్చుటలో ఉన్న నేర్పంతయు అందున్నది. రెండవది భీష్ముని సలహా. చారులు దేశములన్నియు గాలించి రిక్తహస్తులై వచ్చిన పిదప ఆ వృద్ధుడు, ధర్మరాజును వెదుకుటకు మనుష్యరూపమును వెదుకనక్కరలేదు, ఏ దేశమున వానలు సకాలమున కురియుచు, పైరులు పండుచు, గోవులు సమృద్ధిగా పాలిచ్చుచున్నవో ఆ దేశమున వెదుకుడని సూచించెను. దాగినవాడు కనబడకున్నను, వాని ఉనికి వలన నేలలో కలిగిన మార్పు కనబడును. వస్త్రము నేయువారు మొదటి ఘట్టమును బాగుగనే అభ్యసించినారు. ఉపగ్రహచిత్రములు చదువువారి శాస్త్రమంతయు రెండవదానియందున్నది. వస్త్రపరీక్ష ఈ రెండింటికిని కలిపి జరుగవలెనన్నదే నేను ఇచ్చట నొక్కి చెప్పదలచినది.

మొదట ఆకును గూర్చి. ఆకు మన కంటికి పచ్చగా కనబడుట దాని కథలో స్వల్పభాగము. పత్రహరితము ఆహారనిర్మాణమునకై ఎర్రని కాంతిని, అనగా 0.68 మైక్రానుల ప్రాంతపు తరంగములను, మిక్కిలిగా మ్రింగివేయును. పచ్చని కాంతిలో పదింట ఒకపాలో అంతకు కొంచెము హెచ్చో తిరుగగొట్టును. 0.7 మైక్రానులు దాటి, మన దృష్టికి అందని సమీప పరారుణ సీమలో అడుగిడినంతనే ఆ ఆకే తనపై పడిన కాంతిలో ఇంచుమించు సగమును వెదజల్లును. ఆకు లోపలి కణములకును వాని నడుమ నున్న గాలిగదులకును మధ్య కాంతి పలుమార్లు చెదరి వెనుకకు మరలుటయే దీనికి కారణము. అత్యల్పమైన సందులో ఇంత ఎత్తునకు లేచు ఈ మెట్టు సజీవ పత్రమునకు సహజమైన ముద్ర. సాధారణపు పచ్చరంగు అద్దిన నూలుగుడ్డకు ఈ ముద్ర అబ్బదు. కొన్ని రంగులు సమీప పరారుణమును అడ్డగింపక పోనిచ్చుటచేత గుడ్డ ఆకుకంటె మిక్కుటముగా మెరయును; పాతకాలపు కొన్ని పూతలు దానిని మ్రింగుటచేత నల్లబడును. మెరసినను నల్లబడినను చుట్టునున్న అడవిలో అది వేరుగా తేలును.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో కొడాక్ సంస్థ తయారుచేసిన వర్ణపరారుణ ఫిలిము ఈ భేదమును ఆధారము చేసికొన్నదే. మరుగును పట్టు ఫిలిమనియే దానికి పేరు. ఆ ఫిలిము మీద ఆరోగ్యవంతమైన చెట్టు రక్తవర్ణమున పడును. పచ్చ పూత పూసిన గుడ్డ నీలమో ఊదాయో అయి బయటపడును. ఇట్లు యుద్ధము కొరకు పుట్టిన ఈ జాతి ఫిలిము మన దేశమునకు వచ్చి చేసిన మొదటి గొప్ప పని యుద్ధమునకు సంబంధించినది గాకపోవుట నాకు మిక్కిలి సంతోషము గొలుపు విషయము. 1970లో, భారత దూరసంవేదన పితామహుడుగా కీర్తింపబడిన పిషారోత్ రామ పిషారటి గారు హెలికాప్టరు నుండి కేరళ కొబ్బరితోటలను ఇట్టి ఫిలిముతో చిత్రించి, చెట్లకు సోకిన వాడుతెగులును పైనుండి గుర్తింపజూచిరి. గుడ్డ ఆకు కానందున పట్టుబడినట్లే, రోగగ్రస్తమైన ఆకు తన పూర్వపు ఎరుపును కోల్పోయి పట్టుబడును. దాచిన ఫిరంగిని చూపు విద్యయే రైతు తోటలోని రోగమును చూపును. ఈ శాస్త్రమును ప్రజలు గౌరవింపవలసినది ముఖ్యముగా ఇందులకే.

వస్త్రకారులును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. క్రోమియము ఆక్సైడు వంటి పచ్చవర్ణకములు సమీప పరారుణములో ఆకును కొంతవరకు అనుకరించును. వ్యాట్ రంగులను తగినట్లు ఎన్నుకొని, మెరపు హెచ్చినచోట లేశమాత్రముగా బొగ్గుపొడిని చేర్చి, పరావర్తనమును కోరినంతకు దించుదురు. మన రక్షణ పరిశోధన సంస్థకు చెందిన జోధ్‌పూర్ ప్రయోగశాలయు, కాన్పూరులోని సామగ్రి పరిశోధనాలయమును ఈ మరుగువిద్యలో కృషి చేయుచున్నవి.

ఇచ్చట ఒక లెక్కను ఓపికతో వినవలెను. పైనుండి పచ్చదనమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఒక సూచికను వాడుదురు: సమీప పరారుణము నుండి ఎరుపును తీసివేసి, ఆ శేషమును రెండింటి మొత్తముచేత భాగింతురు. ఆకు ఎరుపులో నూటికి 5 పాళ్లు, పరారుణములో 45 పాళ్లు తిరుగగొట్టిన దనుకొందము, సూచిక 0.8 వచ్చును. ఎరుపులో 6, పరారుణములో 65 పాళ్లు తిరుగగొట్టు ఒక గుడ్డను తీసికొన్నచో సూచిక 0.83. అనగా మిక్కుటముగా మెరయు చెడ్డగుడ్డకు మంచి ఆకుకంటె ఎక్కువ మార్కులు పడినవి! ఒక్క సూచికను నమ్మి వస్త్రమును ఆమోదించువాడు ఎంత ప్రమాదమునకు లోనగునో దీనివలన తెలియును. గుడ్డను పట్టుకొనవలెనన్నచో వర్ణపటములో ఇంకను ముందునకు పోవలెను.

అట్లు పోగా నీరు ఎదురగును. బ్రతికిన ఆకులో నీరు నిండియుండును గనుక 1.4, 1.9 మైక్రానుల కడ దాని కాంతి లోతైన గుంటలలో పడిపోవును. వాతావరణములోని తేమయు ఆ తావులనే కాంతిని మ్రింగుటచేత ఉపగ్రహము ఆ గుంటలను నేరుగా చూడజాలదు. వాని అంచులను, 1.65, 2.2 మైక్రానుల ప్రాంతపు గవాక్షములను చూచి నీటిని గ్రహించును. పొడి నూలుగుడ్డ ఈ గవాక్షములలో ఆకుకంటె చాల వెలుగుగా నుండును, పైగా 2.1 మైక్రానుల ప్రాంతమున సెల్యులోజునకు సంబంధించిన చిన్న పల్లము దానికి గలదు, అది ఎండుగడ్డికిని గలదు. కావున వేసవిలో ఎండిన తెలంగాణ గడ్డిబీడున నూలుగుడ్డ కొంత ఇమిడిపోవును, శ్రావణమున పచ్చిక మీద ఇమడదు. వాన వెలిసిన పిదప కొంతసేపు, తడిసిన గుడ్డ ఆకునకు కొంచెము దగ్గరగును. ఎండ కాయగానే ఆ చుట్టరికము తీరిపోవును.

ఇక చూచు యంత్రమును గూర్చి. 1988 మార్చి 17న బైకనూరు నుండి ప్రయోగింపబడిన ఐ.ఆర్.ఎస్.-1ఎ మన తొలి సాధారణ సేవా దూరసంవేదన ఉపగ్రహము. డిజిటల్ చిత్రవిశ్లేషణమున నిష్ణాతులైన బులుసు లక్ష్మణ దీక్షితులు గారు ఆ నాళ్లలో హైదరాబాదు ఏజెన్సీకి సంచాలకులు. చిత్రమును అంకెలుగా చదువు పద్ధతి మన దేశమున వేళ్లూనుటలో ఆ తెలుగువాని పాలు గొప్పది. ఆ ఉపగ్రహపు మెరుగైన కెమెరాకు ఒక పిక్సెల్ అనగా నేల మీద 36.25 మీటర్ల చదరము, అనగా 1300 చదరపు మీటర్లకు పైబడిన స్థలము. ఒక లారీని కప్పు వల పది మీటర్ల చదరమనుకొన్నను అది ఒక పిక్సెల్‌లో పదమూడవ వంతు మాత్రమే. తక్కిన పన్నెండు వంతుల నేలయు చెట్లును దానిని తమలో కరగించుకొనును. ఆ కాలమున వలను దాచినది వలయొక్క గొప్పతనము గాదు, పిక్సెల్ యొక్క వెడల్పు. 2019 నవంబరు 27న ఎగసిన కార్టోశాట్-3 నలుపు తెలుపు చిత్రములో పావు మీటరు పిక్సెల్‌ను ఈయగలదు. అదే వల ఇప్పుడు 1600 పిక్సెళ్లుగా విచ్చుకొనును. దాని నేత, దాని అంచు, దానిక్రింద నలుమూలల గుంజలు ఎత్తిన గూని ఆకారము, అన్నిటిని మించి దాని నీడ, పరీక్షకు నిలువవలసినవే. మన దూరసంవేదన ఉపగ్రహములలో పెక్కు ఉదయము పదిన్నర ప్రాంతమున మనపైనుండి పోవును. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున నున్న వేళ మూడు మీటర్ల వాహనము మూడు మీటర్ల నీడను పరచును. కార్టోశాట్ కది పన్నెండు పిక్సెళ్ల నీడ. ఏ రంగుల శాస్త్రమును నీడను చెరుపజాలదు. వలను అంచులవైపు వాలుగా దించి నేలలో కలుపుట ఒక్కటే ఉపాయము.

సూక్ష్మముగ చూచు ఉపగ్రహము కొలదిరంగులనే చూచును. పెక్కు రంగులు చూచు ఉపగ్రహము స్థూలముగ చూచును. 2018 నవంబరు 29న ప్రయోగించిన హైసిస్ దృశ్యకాంతి మొదలు 2.4 మైక్రానుల వరకు వందలకొలది సన్నని పట్టీలలో కాంతిని విడదీయగలిగియు, దాని పిక్సెల్ మాత్రము 30 మీటర్లు. కావున పరీక్షకులు రెండిటిని జతచేసి, ఒకటి ఆకృతిని, మరియొకటి స్వభావమును చెప్పగా వినవలెను. ఈ లెక్కలను బట్టి నాకు తోచు ఒక మాట స్పష్టముగ చెప్పుదును: ఒంటరి సైనికుడు పైనుండి అరమీటరు వెడల్పునకు మించడు, వాని చొక్కాను ఉపగ్రహముతో పరీక్షించుటవలన ప్రయోజనము స్వల్పము. దానిని నేలమీదనుండియు, తక్కువ ఎత్తున ఎగురు డ్రోనులనుండియు పరీక్షింపవలెను. ఉపగ్రహపరీక్ష తగినది శకటములకును, డేరాలకును, గుంటలకును కప్పు వలలకు.

ఆ పరీక్ష జరుగవలసిన తీరు క్లుప్తముగా ఇది. వస్త్రపు తునకను, దాని పోలికకు తీసిన ఆకులను, మట్టిని వర్ణపటమాపకము క్రింద 0.35 నుండి 2.5 మైక్రానుల వరకు కొలిచి నమోదు చేయుదురు. పిదప పెద్ద పటములను మైదానమున పరతురు. పటము ఒక్క పిక్సెలంత ఉన్నచో చాలదు, ఏలయన పిక్సెళ్ల గీతలు మనము పరచినచోటనే వచ్చి ఆగవు; నిడివికి మూడు, వెడల్పునకు మూడు పిక్సెళ్లున్నచో నడిమి దొక్కటి కల్తీ లేనిదిగా దక్కును. 5.8 మీటర్ల పిక్సెల్ గల కెమెరాకు అట్టి పటము పదిహేడు మీటర్లకు మించిన చదరము కావలెను. ప్రక్కనే తెలుపు, నలుపు ఫలకములుంచి, నడుమనున్న వాతావరణపు ప్రభావమును లెక్కలో తొలగింతురు. చిత్రము వచ్చిన పిమ్మట పటమునకును పరిసరమునకును గల అంతరమును గణితముచే కొలుతురు. తుదకు, పటమెచ్చట గలదో తెలియని నిపుణులకు చిత్రమునిచ్చి వెదకుమందురు; ఏదో ఉన్నదని గ్రహించుట, అది వాహనమని గుర్తించుట, ఏ వాహనమో నిర్ధారించుట అను మూడు మెట్లలో వారెచ్చట ఆగిరో చూతురు. గణితము ఎంత సూక్ష్మమైనను ఈ తుది పరీక్షను విడువరాదు.

రాత్రి వేళను, మేఘముల వేళను గూర్చి రెండు మాటలు. ఎనిమిది మొదలు పదునాలుగు మైక్రానుల వరకు గల ఉష్ణసీమలో వస్తువులు తమ వేడిచేతనే వెలుగును. పలుచని గుడ్డ ఎండకు వేగముగా కాగి, సంజెకు వేగముగా చల్లారును, ఆకు మాత్రము నీటిని ఆవిరిగా విడుచుచు మధ్యాహ్నమునను కొంత చల్లగా నుండును. రాడార్ తరంగములకు పొడిగుడ్డ ఇంచుమించు లేనట్లే. 1981లో కొలంబియా వ్యోమనౌక నుండి పంపిన రాడార్ సహారా ఇసుకలోనికి చొచ్చి, పూడిపోయిన పూర్వనదుల జాడలను చూపెను. అందుచేత వలలలో విద్యుద్వాహక తంతువులను అల్లి రాడార్‌ను చెదరగొట్టుదురు. భూభౌతికులు విమానములనుండి కొలుచు అయస్కాంత క్షేత్రమునకైతే ఏ వస్త్రమును తెరకాజాలదు.

మన దేశమున ఉపగ్రహదృష్టికి మరుగువడుట యను కార్యమునకు ప్రసిద్ధోదాహరణము పోఖరణ్. 1995లో పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా అచ్చటి అణుపరీక్షా సన్నాహములను అమెరికా ఉపగ్రహములు పసిగట్టినవి. దౌత్యపు ఒత్తిడి వచ్చెను, పరీక్ష నిలిచెను. 1998 మే 11న, 13న పరీక్షలు జరిగినప్పుడు అవే ఉపగ్రహములు ముందుగా హెచ్చరింపలేకపోయినవి. పిమ్మట వెలువడిన కథనములనుబట్టి సైన్యపు ఇంజనీర్లు రాత్రులందు పనిచేసి, తెల్లవారకముందే యంత్రములను యథాస్థానములకు చేర్చిరి. తవ్విన ఇసుకను గాలివాటున ఏర్పడు తిన్నెల తీరున దిద్దిరి. శాస్త్రజ్ఞులు సైనికదుస్తులు ధరించిరి. అందు వలలకును కొంత పాత్ర గలదు గాని, జయము ప్రధానముగా క్రమశిక్షణది. నిన్నటి చిత్రమునకును నేటి చిత్రమునకును భేదము కనబడనీయకుండుటయే వారి సాధన. భీష్ముడు చెప్పిన జాడను, నేలలోని మార్పును, వారు మిగులనీయలేదు. ఎంత శ్రేష్ఠమైన వల క్రింద దాచినను దానిదాక పోయిన చక్రపుజాడను తుడువనిచో ఆ వలకై చేసిన వ్యయమంతయు వృథా.

ఇదియే వస్త్రపరీక్షలకును వర్తించును. ఒక్క దినమున, ఒక్క చిత్రములో పరిసరముతో కలిసినంత మాత్రాన వస్త్రమును ఉత్తమమని తీర్మానింపరాదు. మన దక్కను పీఠభూమినే చూడుడు: గ్రానైటు బండలు, వాని సందుల చింత వేప తుమ్మలు, చెలకల ఎర్రమన్ను, రేగడి నలుపు. చైత్రమున బండలు కాగి గడ్డి తెల్లబారును. ఆషాఢమునకు అదే నేల పచ్చనగును. మార్గశిరమున పంటలు కోతకువచ్చి రంగులన్నియు తారుమారగును. ఉప్పలు ప్రాంతపు చెరువులలో గుర్రపుడెక్క అలముకొన్నప్పుడు నీరు కనుమరుగై, దూరమునుండి చూచువానికి పచ్చికబయలను భ్రాంతి గలుగును. పరారుణమును ఎరుపుగా చూపు మిథ్యావర్ణ చిత్రములో అది చిక్కని ఎరుపుగా పడును. ఏండ్ల తరబడి తీసిన చిత్రములను వరుసగ పేర్చినచో ఆ తావు చెరువేయని ఋజువగును. ప్రకృతి నేసిన పచ్చనివస్త్రమే కాలముయొక్క సాక్ష్యము ముందు నిలువకున్నప్పుడు, మగ్గముపై నేసినదానిని ఒక్క చిత్రముతో పరీక్షించి సైనికుని ప్రాణమును దానికి అప్పగించుట న్యాయమా?

కనుక వస్త్రపరీక్షా నివేదికలో ఇంత శాతము ఉత్తమమను ఒంటి అంకె ఉండరాదు. ఏ ఉపగ్రహము, ఎంత పిక్సెల్, ఏయే తరంగములు; ఏ మాసము, ఏ వేళ, సూర్యుడెంత ఎత్తు; క్రింద చెలకయా, రేగడియా, బండయా, పొదయా; గుడ్డ పొడిదా, తడిసినదా, ఎన్ని ఎండలకు వెలిసినది; పరచిన పిదప ఎన్ని దినములకు చిత్రము తీసినది; దానిచుట్టు అడుగుజాడలు మిగిలినవా; వెదకినవారు ఏ మెట్టున ఆగిరి: ఇన్నియు అందు వ్రాయబడవలెను. ఒకే వలను ఒకే చేనిగట్టున ఏడాది పొడవున ఉంచి, ప్రతి ఋతువునను కనీసమొక చిత్రమైనను తీయించి, ఏ మాసమున అది విఫలమైనదో ఆ మాసమును నివేదిక మొదటి పుటలోనే పేర్కొనవలెను. అది చదివిన సేనాధికారి ఆ మాసమునకు వేరొక వలను తెప్పించుకొనును.